చదవడం రాని పిల్లలే దొంగతనాలకు పోతారా?

కావలి_ఆటో అడిగిన ప్రశ్న:
మాకు తెలిసిన పిల్లోడు ఎనిమిదో తరగతి. పెద్ద కుర్రాళ్లతో కలిసి బైకు దొంగతనంలో దొరికాడు. వాళ్ల నాయన తోడు రమ్మంటే, పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డు దాకా పోయాను. అక్కడిచ్చిన కాగితం ఆయనకి చదవడం రాదు. పిల్లోడికిస్తే ‘ప్రశ్న’ అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఇన్నేళ్లు బడికి పోయి ఏం నేర్చుకున్నట్టు?

ఆ రాత్రే గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. అమెరికాలో మూడో తరగతి పిల్లల్లో ఎంతమందికి చదవడం రాదో లెక్కేసి జైళ్లు కడతారంట. నిజమేనా? చదువు రాకపోతే దొంగలవుతారా? మా నాయనది వేలిముద్రే, జన్మలో ఒకరి రూపాయి ముట్టుకోలేదు.

(ఎడిట్: వీధి పేరు, బడి పేరు తీసేశాను.)

రాజుపాలెం_88:
సెల్‌ఫోను, గంజాయి. అంతే. మా రోజుల్లో సారు బెత్తం తీస్తే అన్నీ వచ్చేవి.

ఒంగోలు_పీఎల్వీ:
తమ్ముడూ, ముందు ఆ వీధి పేరు, బడి పేరు తీసెయ్. పిల్లాడెవరో తెలిసేట్టు రాయకూడదు, జువెనైల్ చట్టం సెక్షన్ 74.

ఫార్వర్డ్ అబద్ధం. అట్టా లెక్కేసి జైళ్లు కట్టే రాష్ట్రం కోసం అక్కడి పత్రికలవాళ్లే వెతికారు, దొరకలేదు. అక్కడ కేసుల్లో పడిన పిల్లల్లో చాలామంది చదవడంలో బాగా వెనకబడ్డవాళ్లన్నది మాత్రం నిజం.

మన ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు రాసే ఆఫీసు) పట్టికల్లో ఇంకోలా కనిపిస్తది. పట్టుబడిన పిల్లల్లో నిరక్షరాస్యులు తక్కువ, ప్రైమరీ దాటి పదో తరగతి లోపు వాళ్లే ఎక్కువ. చాలామంది అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నారు. ఇంకేం, చదువుకీ నేరానికీ సంబంధం లేదని తేల్చేస్తారు కొందరు. నేనొప్పుకోను. ఆ పట్టికలో ఉండేది ఎంతదాకా చదివాడని. చదవడం వచ్చా అని కాదు. పిల్లలకి చదవడం వచ్చా అని చూసే అసర్ సర్వే ఉంది. 2022లో దాని ప్రకారం, దేశం మొత్తం మీద పల్లెటూళ్లలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 42.8 శాతమే. మిగిలినవాళ్ల పేర్లూ హాజరు పట్టీలో ఉన్నాయిగా.

నేను పీఎల్వీని, అంటే న్యాయ సాయం చేసే వాలంటీర్ని. బోర్డు దగ్గర కూర్చుని నేను చూసింది చెప్తా. అక్షరాలు రానందుకు ఎవడూ బండి తాళం పగలగొట్టడు. ఆరో తరగతిలో సైన్సు సారు లేచి చదవమంటాడు. వీడు నోరు తెరవడు, క్లాసంతా నవ్వుద్ది. అట్టా నాలుగుసార్లయ్యాక సంచీ తగిలించుకుని ఇంట్లోంచి బయల్దేరతాడు, బడికి మాత్రం చేరడు. సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా! స్టేషన్ దగ్గరో మెకానిక్ షెడ్డులోనో కూర్చుంటాడు. అక్కడ చదవమనేవాళ్లు ఉండరు. బండి తోలతావా అంటారు, తోలితే శభాష్ అంటారు. మీ నాయన్ని పదిమందిలో లేపి ఎవరూ చదవమనలేదు. తేడా అదే.

పిల్లాడి ఇంటి పరిస్థితి విచారించి బోర్డుకి రాసిచ్చే ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టులో ‘బడి ఎందుకు మానాడు’ అని ఒక గడి ఉంటది. ‘ఆసక్తి లేదు’ అని ఉన్న రిపోర్టు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుద్ది.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
‘ప్రశ్న’ దగ్గర ఆగాడంటే అబ్బాయికి అక్షరాలు వచ్చు, వత్తులు రావు. ఎనిమిదో తరగతి వాచకం ముట్టుకోవద్దు. గుణింతాలు ఒకసారి సరిచూసి, మీ ఆటోలో కావలి బస్టాండుకి తీసుకెళ్లండి. కావలి, ఉదయగిరి బోర్డులు చదివేస్తాడు. ఆ తర్వాత నెల్లూరు. బిట్రగుంట, ఆత్మకూరు చివర్లో. ఒకే అక్షరానికి అదే వత్తు పడితే తేలిక, వేరే వత్తు పడితేనే తడబాటు.

నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో కలిగిరి వైపు పెద్దవాళ్లకి రాత్రి బడి నడిపాను. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు ముందు వత్తులు నేర్చుకున్నారు. ఒకరు తప్పు చదివితే ఇంకొకరు నవ్వేవాళ్లు కాదు. వాచకంలో సారా మీద పాఠం చదివాకే కదా అక్కడి దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది! 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. చదివేది తమ బతుకు గురించైతే ఎవరికైనా పట్టు దొరుకుతుంది. ఈ అబ్బాయికి బండి పార్టుల పేర్లు రాసివ్వండి.

బెత్తం సంగతి ఎత్తినాయనా, మా క్లాసులో బెత్తానికి జడిసి బడే మానేసినవాళ్ల లెక్క ఎవరు రాశారు?

కావలి_ఆటో:
థాంక్స్ మాస్టారూ. అక్కా, మళ్లీ బోర్డుకి పోవాలి. ఏం అడగమంటావు? ఈ కేసుతో రేపు ఉద్యోగాలు రావని వాళ్లమ్మ ఒకటే టెన్షన్.

ఒంగోలు_పీఎల్వీ:
సెక్షన్ 24 చూపించు. బోర్డు తప్పని తేల్చినా అది ఉద్యోగానికి అడ్డు కాదు. ఖర్చు లేకుండా లాయర్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తది, అప్లికేషన్ నువ్వే రాసివ్వు. బడికి పోవాలని సెక్షన్ 18 కింద బోర్డే ఆర్డరు ఇవ్వొచ్చు. ఉత్త ఆర్డరు తెచ్చుకుంటే మళ్లీ అదే క్లాసులో అదే బెంచీ. చదవడం మొదట్నుంచి నేర్పించే ఏర్పాటు కూడా చేయమని లాయరు చేత అడిగించు. ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికొచ్చినప్పుడు ‘ప్రశ్న’ సంగతి చెప్పి రిపోర్టులో రాయమను.