మనకు సొంత కార్బన్ ఉపగ్రహం కావాలా, నేల మీది కొలతలు చాలవా?

బొగ్గుబావి:
2025లో అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదనలో నాసా వారి ఓసీఓ-2, ఓసీఓ-3లకు నిధులు ఆపేయాలని రాశారు. రెండూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పైనుంచి కొలిచేవే. మొదటిది 2014 జులై నుంచి తిరుగుతోంది, రెండోది 2019లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చింది. పనిచేస్తున్న యంత్రాన్ని చేజేతులా ఆపుకోవాలనుకోవడం వాళ్ల ఇష్టం. నా బాధ వేరు. మన దేశం మీది గాలి లెక్కలకు మన పరిశోధకులు కూడా వీటినీ, జపాన్ వారి ఇబుకి ఉపగ్రహాన్నీ నమ్ముకున్నారు. ఎరువుల సొమ్ము బరువుల చేటు అన్నారు పెద్దలు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన దేశానికి ఈ పనికంటూ ఒక ఉపగ్రహం లేదు. పంపాలంటాను. కాదనేవారు కారణం చెప్పండి.

నాగలి:
కాదనేవాణ్ణి నేనే. పైనుంచి కొలవడమంటే ఏమిటో ముందు చూద్దాం. ఓసీఓ-2 నేలకు 705 కిలోమీటర్ల ఎత్తున పోతూ పది కిలోమీటర్ల వెడల్పున ఒక చార గీస్తుంది. మళ్లీ అదే దారికి రావడానికి 16 రోజులు. రెండు చారల మధ్య పడిన ఊళ్లు దాని దృష్టిలో లేనట్టే. రోజుకు దాదాపు పది లక్షల కొలతలు తీస్తుంది, మేఘాలు అడ్డురాగా చివరకు పనికొచ్చేవి పదో వంతు అటూ ఇటూ. ఎండ వెలుతురు ఉంటేనే పని, రాత్రి అసలు చూడదు.

మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. నాట్లు పడి, పైరు ఎదిగి, గాలిలోని కార్బన్‌ను బాగా పీల్చుకునే కాలం కూడా అదే. లెక్క అవసరమైన నెలల్లోనే కన్ను మూసుకునే పరికరానికి వందల కోట్లు ఎందుకు? షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి పరికరం నేల మీదే కొలుస్తుంది. దానికి మేఘం అడ్డు కాదు, రాత్రీ అడ్డు కాదు. అలాంటివి దేశమంతా యాభై పెట్టండి. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలత మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ 315 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల అణువులకు 315. ఇప్పుడు 425 దాటింది. ఆ సంగతి లోకానికి చెప్పింది కొండ మీది గదిలో ఉన్న యంత్రమే.

మినుకు:
నాగలి గారు చెప్పిన ఇబ్బందులన్నీ నిజం. కానీ కొండ మీది యంత్రం చెప్పేది అందరి పొగా కలిసిపోయాక మిగిలిన లెక్క. ఏ పొయ్యి నుంచి ఎంత వచ్చిందో అది చెప్పదు. కాగితం మీద ఒక లెక్క వేద్దాం.

మన బొగ్గు కేంద్రాల్లో యూనిట్ కరెంటుకు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. వెయ్యి మెగావాట్ల కేంద్రం పూర్తిగా నడిస్తే గంటకు పది లక్షల యూనిట్లు, అంటే వెయ్యి టన్నులు, అంటే సెకనుకు 280 కిలోలు. గాలి సెకనుకు మూడు మీటర్లు వీస్తోందనుకుందాం. అప్పుడు పొగ సాగిన దారిలో ఒక్కో మీటరు పొడవుకు 93 కిలోలు. పొగ ఐదు కిలోమీటర్ల వెడల్పుకు పరుచుకుంటే చదరపు మీటరుకు 18, 19 గ్రాములు. ఆ చదరపు మీటరు మీద నిలబడిన గాలి బరువు పది టన్నుల పైమాటే. అందులో ఒక పీపీఎం కార్బన్ డయాక్సైడ్ తూకం 16 గ్రాములకు కాస్త తక్కువ.

తేలేది ఏమిటంటే, 425లో పెరిగేది 1.2. ఉపగ్రహం ఒక్కో కొలతలో పొరపాటు కూడా దాదాపు ఒక పీపీఎం ఉంటుంది. కాబట్టి వెయ్యి మెగావాట్లు లీలగా కనిపిస్తాయి, నాలుగు వేలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇది ఊహ కాదు. 2017లో కెనడా శాస్త్రవేత్తలు ఓసీఓ-2 కొలతల నుంచి విడివిడి కేంద్రాల ఉద్గారాలు లెక్కగట్టారు. వాటిలో మధ్యప్రదేశ్‌లోని 3,960 మెగావాట్ల సాసన్ ఒకటి. పోలండ్‌లోని బెల్హతూవ్ కేంద్రం మీద కొన్నేళ్లపాటు చూస్తే, కరెంటు ఉత్పత్తి తగ్గిన రోజున పైనుంచి కొలిచిన పొగా తగ్గింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకు చాలు కదా.

నాగలి:
ఒకే కుండలో అన్నమైతే మెతుకు చాలు. ఇక్కడ కుండలు వేలు. పైగా మీ లెక్కలో గాలి మూడు కాకుండా రెండే అయితే? అదే 1.2కి కేంద్రం వదిలింది మూడో వంతు తక్కువ అని రాయాలి. కొలిచింది పొగను, తేల్చేది గాలి.

గట్టుమీద కాకి:
మా ఇల్లు ఒక బొగ్గు కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు. ఆరేసిన తెల్ల పంచె మీద సాయంత్రానికి వేలితో రాస్తే గీత పడుతుంది. ఆ బూడిదను కొలిచే ఉపగ్రహం సంగతి ముందు చూడండి, కార్బన్ తర్వాత.

మినుకు:
కాకి గారూ, పంచె మీద పడేది కార్బన్ డయాక్సైడ్ కాదు, దానికి రంగూ లేదు, మసీ లేదు. అందుకే దాన్ని పట్టడం కష్టం. యూరప్ వారు తయారుచేస్తున్న సీఓ2ఎం ఉపగ్రహాల్లో పక్కనే నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచే పరికరమూ పెడుతున్నారు. పొగ ఎటు పోతోందో అది చూపిస్తే, కార్బన్ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వాటి చార 250 కిలోమీటర్ల వెడల్పు. బూడిదకు ఉపగ్రహంతో పని లేదు, మీ పంచె చాలు. పట్టించుకునే అధికారే కావాలి.

బొగ్గుబావి:
అదే నా భయం. ఆ ఉపగ్రహాలు ఎగిరాక మన ప్రతి గొట్టం లెక్కా వాళ్ల దగ్గర ఉంటుంది. మన ఉక్కు మీద కార్బన్ పన్ను 2026 నుంచి వేస్తున్నారు. మన లెక్క మన చేతిలో లేకపోతే వాళ్లు చెప్పిందే వేదం. తలకు రెండు టన్నులు వదిలే మనల్ని, తలకు పద్నాలుగు టన్నులు వదిలే దేశాలు నిలదీయడమూ చూస్తాం.

నాగలి:
పన్ను ఉపగ్రహం చూసి వేయడం లేదు, ఫ్యాక్టరీ ఇచ్చే లెక్కల మీద వేస్తున్నారు. రెండూ కలపకండి. సొంత పరికరం అంటే గుర్తొచ్చింది, మంగళయాన్‌లో మీథేన్ పరికరం పంపాం. అది మీథేన్‌ను సరిగ్గా విడదీయలేకపోయింది, చివరకు ఆ గ్రహం నేల వెలుతురును ఎంత తిప్పికొడుతుందో చూసే పటాలకు వాడారు. ఒక పీపీఎం దగ్గర పని చేయాలంటే ముందు నేల మీద చేయి తిరగాలి. అమెరికా వారి మొదటి ఓసీఓ అయితే 2009లో రాకెట్ ముక్కు కవచం ఊడక సముద్రంలో పడింది. మళ్లీ పంపడానికి ఐదేళ్లు పట్టింది.

మినుకు:
పడ్డాక మళ్లీ పంపారు కదా, నేను చెప్పేదీ అదే. 2015-16 ఎల్‌నినోలో ఉష్ణమండల నేలలు 2011 కంటే దాదాపు 250 కోట్ల టన్నుల కార్బన్ ఎక్కువ వదిలాయని తేలింది ఉపగ్రహాల కొలతల వల్లే. ఆఫ్రికాలో వేడికి, అమెజాన్‌లో కరువుకు, ఇండోనేషియా వైపు మంటలకు. అక్కడ యాభై టవర్లు ఎవరు పెడతారు?

నాగలి:
అమెజాన్‌కు ఒప్పుకుంటాను. మన గొట్టాల సంగతి అడుగుతున్నాను. పెద్ద కేంద్రాల గొట్టాలు 275 మీటర్లు. ఆ ఎత్తులో గాలి మీరెలా తెలుసుకుంటారు?

మినుకు:
నిరుడు ఫిబ్రవరిలో ఒక చార ఉత్తర తెలంగాణలో ఒక కేంద్రానికి పక్కగా పోతే చుక్కలు గీసి చూశాను. గాలివాలున చిన్న గూను లేచింది, ఒక పీపీఎం పైచిలుకు. ఉపగ్రహం దాటింది మధ్యాహ్నం ఒకటిన్నరకు. వాతావరణ శాఖ బెలూన్లు ఎగిరేది ఉదయం ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు, అదీ హైదరాబాద్‌లో. కాబట్టి కంప్యూటర్ నమూనా నుంచి గాలి వేగం తీసుకున్నాను.

నాగలి:
ఎవరి నమూనా?

మినుకు:
యూరప్ వారిది.

బొగ్గుబావి:
గాలి కూడా ఎరువేనా?