ఫైబర్ పని మానేసి ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటారా?

గాజువాక ఫైబర్:

నమస్తే మాస్టార్లూ. నాకు 27 ఏళ్లు. డిప్లొమా ఈసీఈ చదివాను. ఐదేళ్లుగా గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఒక ఇంటర్నెట్ ఆఫీసులో ఫైబర్ పని చేస్తున్నాను. స్తంభం ఎక్కడం, తెగిన ఫైబర్ అతికించే స్ప్లైసింగ్, కేబుల్ ఎక్కడ తెగిందో ఓటీడీఆర్ పెట్టి చూడడం, ఇళ్ల ఫైబర్ లైన్లన్నీ కలిసే ఓఎల్‌టీ పెట్టెలో కొత్త కనెక్షన్ ఎక్కించడం. జీతం 18 వేలు, పెట్రోలు నాదే. గాలివాన వచ్చిందంటే రాత్రి ఒంటిగంటకి కూడా ఫోన్లు.

2025 అక్టోబరులో మా విశాఖకి గూగుల్ వస్తోందని వార్త వచ్చినప్పుడు నాన్న పేపర్ కటింగ్ తెచ్చి టీవీ పక్కన అతికించారు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లట, ఏఐ హబ్ అట, అంటే పెద్ద డేటా సెంటర్. "ఊళ్లోకే వస్తుంటే నువ్వింకా స్తంభాలెక్కుతావేంట్రా" అని రోజూ అదే పాట. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కనుక్కున్నాను. ఫుల్‌స్టాక్ జావా (వెబ్‌సైటు పైకి కనిపించేదీ, వెనక నడిచేదీ రెండూ రాయడం), దాంతోపాటు ఏఐ, నాలుగు నెలలు, 65 వేలు. ప్లేస్‌మెంట్ వంద శాతం అంటున్నారు. అమ్మ గాజులు తాకట్టు పెడదామంటోంది. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే టెన్షన్. నాలాంటి వాళ్లతో ఐటీ వాళ్లకి పనుందా అసలు?

పెందుర్తి కుర్రాడు:

గాజులు బీరువాలోనే ఉంచు గురూ. నేనిలాగే ఒకచోట చేరాను. ప్లేస్‌మెంట్ అంటే ఏంటనుకున్నావు, ఒక వాట్సాప్ గ్రూపు. అందులో పెట్టే లింకులన్నీ బయట ఊరికే దొరికేవే. చివరికి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు రాసుకోమన్నారు. కంపెనీలు పీఎఫ్ రికార్డు తీసి చూస్తాయి, ఇట్టే దొరికిపోతాం.

రుషికొండ నైట్‌షిఫ్ట్:

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు చేసి ఇక్కడికి వచ్చాను, నెట్‌వర్క్ టీమ్ నాది. ముందు ఆ అంకెల సంగతి. రుషికొండలో టీసీఎస్ వాళ్లకి 99 పైసలకే భూమి ఇచ్చారు, 12 వేల ఉద్యోగాలన్నారు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్, 8 వేలన్నారు. అవి కొన్నేళ్లలో ఇస్తామన్న లెక్కలు, ఈరోజు ఖాళీగా ఉన్న కుర్చీలు కావు. అదే 2025లో టీసీఎస్ దాదాపు 2 శాతం మందిని తగ్గిస్తానంది. ఒక పక్క తీసేస్తారు, ఇంకో పక్క మనుషులు దొరకట్లేదంటారు. రెండూ నిజమే.

ఎందుకో చెప్తాను. మొన్న ఒక సపోర్ట్ పోస్టుకి పదకొండు మందిని ఇంటర్వ్యూ చేశాను. ఏడుగురి రెజ్యూమెలో ఒకటే ప్రాజెక్టు, ఆన్‌లైన్ షాపింగ్ వెబ్‌సైటు, అక్షరం తేడా లేదు. "లింక్ పడిపోయింది, ముందు ఏం చూస్తావు?" అని అడిగాను. ఒకబ్బాయి నెట్‌వర్క్ పుస్తకాల్లో ఉండే ఓఎస్ఐ ఏడు లేయర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. అన్నం వండమంటే బియ్యంలో రకాలు చెప్పినట్టుంది. నువ్వైతే కరెంటు ఉందా, లైట్ ఎంత వస్తోంది, ప్యాచ్‌కార్డ్ మెలిపడిందా అని వెళ్తావు. ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.

అందుకని జావా జోలికి ఇప్పుడు పోకు. ఐపీ అడ్రసింగ్, వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌ని విడివిడి గుంపులు చేయడం), రౌటింగ్ (ఆ గుంపుల మధ్య దారి చూపడం) నేర్చుకో. కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి కమాండ్లతోనే తిరుగు. చేతిలో పట్టు వచ్చాకే సీసీఎన్ఏ అనే సిస్కో నెట్‌వర్క్ సర్టిఫికెట్ పరీక్ష, ఫీజు 300 డాలర్లు, మీద పన్ను. ఆ తర్వాత కాస్త పైథాన్. పాతిక నెట్‌వర్క్ స్విచ్‌లకి ఒకే మార్పు చేత్తో కొట్టే రోజులు పోయాయి. ఇంగ్లీషు గురించి భయపడకు, మాకు టికెట్‌లో నాలుగు లైన్లు తప్పుల్లేకుండా రాస్తే చాలు. ఉద్యోగం మాత్రం మానకు.

ముంబైలో సింహాద్రి:

మాది గోపాలపట్నం, నవీ ముంబైలో డేటా సెంటర్ టెక్నీషియన్‌ని. మా హాల్లో కోడ్ రాసేవాడు ఒక్కడూ లేడు. సర్వర్ల ర్యాకులు బిగించడం, కేబుళ్లు లాగడం, డిస్కులు మార్చడం. ఫైబర్ కనెక్టర్ తుడవకుండా గుచ్చి లింక్ చెడగొట్టే కొత్తవాళ్లతో రోజూ తలనొప్పి. నీకా పని ఎలాగూ వచ్చు. యూపీఎస్, జనరేటర్, కూలింగ్ చూసేది ఎలక్ట్రికల్ వాళ్లు, ఏసీ వాళ్లు.

కానీ మీ నాన్నగారికి ఒకటి చెప్పు. కట్టేటప్పుడు వేలమంది ఉంటారు, నడిపేటప్పుడు అంతమంది అక్కర్లేదు. మా హాలుకి షిఫ్టుకి ఆరుగురమే. అదీ వెండర్ పేరోల్ మీద, అంటే కాంట్రాక్టు కంపెనీ మనుషులుగా, పన్నెండు గంటల డ్యూటీ. తర్లువాడలోనో రాంబిల్లిలోనో గూగుల్ సెంటర్ మొదలయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చోకు.

గాజువాక ఫైబర్:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. నాన్నకి చదివి వినిపించాను. "ఆరుగురేనా" అని రెండుసార్లు అడిగారు. కటింగ్ మాత్రం తియ్యలేదు.

నిన్న రాత్రి ప్యాకెట్ ట్రేసర్ వేశాను. రెండు స్విచ్‌లు కలిపి వీలాన్ 10, వీలాన్ 20 పెట్టాను. పదిలో ఉన్న కంప్యూటర్లు ఒకదానికొకటి పింగ్ అవుతున్నాయి, అంటే పలకరిస్తే జవాబిస్తున్నాయి. పది నుంచి ఇరవైకి వెళ్లట్లేదు. కేబుల్ మూడుసార్లు మార్చాను.

రుషికొండ నైట్‌షిఫ్ట్:

కేబుల్ తప్పేం లేదు, ఆ అలవాటు కొన్నాళ్లుంటుంది. పదిలోవి రెండు స్విచ్‌ల మధ్య కలుస్తున్నాయంటే మధ్యలో లింకు బాగానే ఉంది. వీలాన్ దాటాలంటే మధ్యలో రౌటర్ ఉండాలి. పెట్టావా?