చెమటకి అతుక్కోని దుప్పట్లు ఎట్టాంటివి తీసుకోవాలి?

ఒంగోలు కోడలు: మాది మేడ మీద పోర్షన్, రోహిణి కార్తెలో అర్ధరాత్రి దాకా స్లాబ్ వేడి దిగదు, ఉన్న దుప్పటేమో వీపుకి అతుక్కుపోతా ఉంది. ఆన్‌లైన్లో 1000 థ్రెడ్ కౌంట్ అని చవగ్గా కనపడతన్నాయి, తీసుకోవచ్చా? పరుపు 72×78, మందం 8 అంగుళాలు. ఇంకోటి, బోరు నీళ్లకి ఏ గుడ్డైనా అట్టలా అయిపోతా ఉంది, దానికేం చేస్తారు?

కావలి కుర్రోడు: 1000 జోలికి పోబాకండి అక్కా. థ్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో నిలువు పోగులు, అడ్డం పోగులు కలిపిన లెక్క, అన్నేసి మామూలుగా పట్టవు, సన్న పోగులు రెండు మూడు కలిపి పేని వాటిని విడివిడిగా లెక్కేసి నంబర్ పెంచుతారు. మన ఎండలకి 200 నుంచి 300 చాలు, అదీ పర్కేల్ అని అడగండి, ఒకటి పైన ఒకటి కింద సాదా నేత, గాలాడుద్ది. సాటీన్ నేత నున్నగా ఉంటది కానీ కొంచెం వెచ్చన, చలికాలానికైతే ఓకే, మనకి చలికాలం యాడుందిలే. చవకవి చాలావరకు పాలిస్టర్ కలిపినవే. అంచున రెండు పోగులు లాగి కాల్చి చూడండి, నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుద్ది, పాలిస్టరైతే కరిగి గట్టిగా ముద్ద కడుద్ది.

నెల్లూరు అత్తమ్మ: సైజు చూసుకో అమ్మాయ్. 72కి రెండు పక్కలా 8 కలిపితే 88, షాపోళ్లు ఇచ్చే 90×100 తెస్తే కింద దోపడానికి పక్కకి ఒక్క అంగుళమే, మొదటి ఉతుకుకి నూలు కుంచించుకుపోతే అదీ ఉండదు. 108×108 అడుగు. తమిళనాడు చెన్నిమలై, కరూర్ దుప్పట్లు దొరికితే చూడు, గట్టిగా ఉంటాయి. గంజి మాత్రం పెట్టబాక, గాలాడదు.

కందుకూరు బ్రో: ఉప్పు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, సబ్బుతో కలిసి జిడ్డులాగా పోగుల్లో ఇరుక్కుంటాయి, గరుకు దానివల్లే. పౌడర్ ఇంకా ఇంకా పోస్తే లాభం లేదు, రెండు చెంచాల చాకలి సోడా కలిపి ఇంకోసారి ఎక్కువ జాడించండి. ఉతికాక మెత్తదనానికి వేసే కంఫర్ట్ లాంటి లిక్విడ్లు కూడా తగ్గించండి, అవి వేస్తే దుప్పట్లు చెమట సరిగ్గా పీల్చవు. అది సరేగానీ పరుపు మీద వాటర్‌ప్రూఫ్ కవర్ ఏమన్నా ఉందా?

ఒంగోలు కోడలు: ఉంది బ్రో, పిల్లోడు తడుపుతాడని మొత్తానికీ వేశాం.

కందుకూరు బ్రో: మరింకేం, అది గాలాడనీదు, దాని మీద ఏ దుప్పటేసినా అంతే. పిల్లోడు పడుకునే పక్క చిన్న ముక్క ఉంచి మిగతాది తీసేయండి, ఆ తర్వాతే కొత్తది కొనండి.