ఇళ్ల పక్క నైట్‌క్లబ్బు: లైసెన్సు రద్దా, షరతులా?

అలలపక్క:
మన విశాఖలో బీచ్ రోడ్డు, లాసన్స్ బే, సిరిపురం... ఎటు చూసినా ఇళ్లూ పబ్బులూ గోడకు గోడ ఆనుకునే ఉన్నాయి. అర్ధరాత్రి మోత మీద ఫిర్యాదులొచ్చి ఒక క్లబ్బు లైసెన్సు సమీక్షకు వచ్చిందనుకోండి, ఏం చేయాలి? రద్దు చేయాలనేది నా పక్షం. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా స్పీకరు మోగకూడదు. షరతులు పెట్టి వదిలేస్తే నాలుగు రోజులు తగ్గించి, తర్వాతి శనివారానికి మళ్లీ మొదలెడతారు.

మిక్సర్‌డెస్క్:
నియమంలో సగమే చెప్పారు. నాలుగు గోడల మధ్య, లోపలివాళ్ల కోసమే మోగే ఆడిటోరియం, బాంకెట్ హాలు లాంటి వాటికి మినహాయింపు ఉంది. క్లబ్బు ఆ కోవలోకి వస్తుందా రాదా అన్న వాదన వేరు. కానీ టెర్రస్ మీద నడిపేవాడికి ఆ వాదన చేసే వీలే లేదు. తలుపులు మూసి నడిపేవాణ్నీ, మేడ మీద స్పీకర్లు పెట్టేవాణ్నీ ఒకే గాటన కట్టేయడం న్యాయం కాదు.

ఫైలునంబరు:
ఆ తేడాలోనే అసలు కిటుకుంది. మామూలుగా ఫిర్యాదు నిలవాలంటే పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. రాత్రి నిషేధాన్నే ఉల్లంఘిస్తే మాత్రం ఆ కొలత అడగరు. టెర్రస్ మీద 10:30కి స్పీకరు మోగిందంటే చాలు, మీటరుతో పని లేదు. బారు ఎన్ని గంటలకు మూయాలన్నది ఎక్సైజు లెక్క, స్పీకరు ఎన్ని గంటలకు ఆపాలన్నది శబ్ద నియమాల లెక్క. "మాకు అర్ధరాత్రి దాకా పర్మిషనుంది సార్" అంటే అది మందుకే, పాటకు కాదు.

మూసిన హాలైతే కొలవాలి. రాత్రి పరిమితి నివాస ప్రాంతంలో 45, వాణిజ్య ప్రాంతంలో 55. ప్రైవేటు సౌండ్ సిస్టమ్‌కు ప్రహరీ దగ్గర దానిపైన ఇంకో 5 దాకా సడలింపు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే, అక్కడ రాత్రి 40. ఇళ్లూ దుకాణాలూ కలిసిన వీధి ఏ కోవకు వస్తుందన్నది అధికారులు ప్రకటించాలి. సగం గొడవ ఇక్కడే, ఎందుకంటే క్లబ్బువాళ్లు వాణిజ్యమంటారు, కాలనీవాళ్లు నివాసమంటారు.

సబ్‌వూఫర్ శత్రువు:
మీరంతా డెసిబెల్ అంటున్నారు గానీ ఏ డెసిబెల్ అండీ? నియమాల్లో ఉన్నది డీబీ(ఏ), అంటే బేస్ లాంటి లోతైన శబ్దాన్ని తగ్గించి లెక్కేసే కొలత. అది బేస్ మోగే 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. పక్కింటి గోడ బయట బేస్ ఒక్కటే 70 ఉందనుకోండి, మీటరు 44 చూపిస్తుంది. చట్టం దృష్టిలో అంతా సవ్యమే! కిటికీ మూస్తే ఇంకో 10 తగ్గి పడగ్గదిలో 60 ఉంటుంది. ఆ శబ్దం చెవికి ఆనడానికి 37 చాలు. గుండెల మీద గుద్దుతున్నట్టుందని వాళ్లు చెప్పేది అందుకే నిజం, మీటరు బాగుందని వీళ్లు చెప్పేదీ నిజమే. బేస్‌ను పెద్దగా కోయని డీబీ(సీ) కొలత కూడా పక్కనే రాయించాలి. రెంటికీ మధ్య 15, 20 తేడా వచ్చిందంటే నేరం బేస్‌దే.

మిక్సర్‌డెస్క్:
ఒప్పుకుంటాను. అందుకే రద్దు కంటే షరతు పనిచేస్తుందంటున్నాను, షరతు సరిగ్గా రాస్తే. "శబ్దం తగ్గించవలెను" అని రాసే కాగితం దండగ. లిమిటరు, అంటే శబ్దం హద్దు దాటకుండా ఆపే పరికరం, పెట్టించాలి. పెట్టే పద్ధతి ఇది: ఒకరు పక్కింటి ప్రహరీ దగ్గర క్లాస్ 1 (బాగా కచ్చితమైన రకం) మీటరుతో, ఒకరు లోపల సౌండ్ డెస్క్ దగ్గర. ముందు పాట ఆపి నేపథ్య శబ్దం కొలవాలి, లేకపోతే అలల హోరు కూడా క్లబ్బు ఖాతాలో పడుతుంది. మైకుకు గాలి తొడుగుండాలి. సముద్రపు గాలి సెకనుకు 5 మీటర్లు దాటితే ఆ రోజు కొలత మానేయడమే మేలు. తర్వాత బేస్ ఎక్కువున్న పాట పెట్టి, ప్రహరీ దగ్గర పరిమితి తాకేదాకా పెంచి, అక్కడ లాక్ చేసి సీలు వేయాలి. పాస్‌వర్డ్ డీజే చేతికి పోకూడదు.

అలలపక్క:
డీజే సొంత స్పీకర్లు తెచ్చుకుని వేరే సాకెట్‌లో పెట్టుకుంటే మీ సీలు ఏం చేస్తుంది అన్నా?

మిక్సర్‌డెస్క్:
అందుకే స్టేజి సాకెట్లన్నీ లిమిటరు గుండానే రావాలి, గదిలో దానికి సొంత మైకుండాలి. హద్దు దాటితే కరెంటు పోతుంది. ఒక్క శనివారం రెండుసార్లు పోయిందంటే డీజే దారికొస్తాడు.

సబ్‌వూఫర్ శత్రువు:
లిమిటరొక్కటే సరిపోదు. గోడకు ఫోమ్ అంటించి సౌండ్‌ప్రూఫ్ చేశామనడం పచ్చి మోసం. ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటికి పోయే బేస్‌ను ఆపదు. ఆపేది బరువు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాదాపు 50 ఆపితే, సముద్రం కనబడాలని బిగించిన 6 మిల్లీమీటర్ల అద్దం 30 ఆపుతుంది, బేస్‌లో ఇంకా తక్కువ. ఎంత మంచి గోడైనా నూటికి ఒక వంతు సందుంటే మొత్తం 20కి పడిపోతుంది. సిగరెట్‌కు బయటికెళ్లే తలుపే ఆ సందు. అక్కడ రెండు తలుపుల లాబీ కావాలి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. మోత ఆపడానికని ఎమర్జెన్సీ తలుపుకు తాళం వేసే ఘనులుంటారు, అలాంటి క్లబ్బును మాత్రం వెంటనే మూయించాల్సిందే. సబ్‌వూఫర్లు (బేస్ స్పీకర్లు) నేల మీద నేరుగా పెడితే మోత స్లాబు గుండా పై అంతస్తుకు పాకుతుంది, కింద స్ప్రింగు లేదా రబ్బరు దిమ్మలు పెట్టాలి. దసపల్లా హిల్స్ లాంటి ఎత్తులో ఉన్న ఇళ్లకైతే కింది మేడ నేరుగా కనబడుతుంది, మధ్యలో అడ్డమే లేదు. టెర్రస్ మోతకు ఏ చికిత్సా లేదు.

ఫైలునంబరు:
సరే, మరి రద్దు మాట. 112కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా అది పోలీసు రికార్డే. లైసెన్సు ఎక్సైజుది, 1968 నాటి చట్టం కింద ఇచ్చింది. ట్రేడ్ లైసెన్సు జీవీఎంసీది, అంటే నగరపాలక సంస్థది. మూడు చోట్లా ఒకే ఫిర్యాదు, ముట్టినట్టు రసీదుతో ఇవ్వకపోతే సమీక్షలో "మా దగ్గర ఫిర్యాదే లేదు" అంటారు. తేదీ, మొదలు, ముగింపు, కిటికీ తెరిచిందా మూసిందా, బేసా కేకలా హారన్లా... ఇవన్నీ రాయాలి. ఫోన్ యాప్ రీడింగు సాక్ష్యం కాదు, సూచన మాత్రమే. నోటీసిచ్చి వివరణ వినకుండా రద్దు చేస్తే కోర్టులో నిలవదు. షరతు పెట్టి, అది ఉల్లంఘించినట్టు కాగితం మీదుంటేనే రద్దుకు బలం.

టేబుల్ నంబర్ 7:
పర్యాటకం, ఉద్యోగాలు ఏమవ్వాలి? క్లబ్బు ముందొచ్చిన చోట ఫ్లాట్లు తర్వాత కట్టారు కదా!

ఫైలునంబరు:
శబ్ద పరిమితుల్లో ముందెవరొచ్చారన్న గడి లేదు. భారతీయ న్యాయ సంహిత 270 అయితే, కొందరికి సౌకర్యమో లాభమో ఉందన్న కారణంతో ప్రజా ఉపద్రవాన్ని క్షమించడం కుదరదనే చెబుతోంది.

అలలపక్క:
మూసిన హాలుకు షరతులంటే సరే, ఒప్పుకుంటా. టెర్రస్‌కు మాత్రం నా మాట మారదు, 10కి స్పీకరు ఆగాలి, మళ్లీ దాటితే రద్దే. లిమిటరు పరీక్ష మంగళవారం ఖాళీ హాల్లో పెట్టి సరిపెట్టొద్దు, శనివారం 11కి తలుపులు తెరుచుకుంటూ ఉన్నప్పుడు పెట్టండి. జనరేటరూ నడుస్తుండాలి.