రెండు రోజుల సింగపూర్ ట్రిప్పుకి అమ్మానాన్నలను తీసుకెళ్లాలా?

హనుమకొండ రవి:
అందరికీ నమస్కారం. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో విమానం ఎక్కి, ఆదివారం సాయంత్రం తిరిగి బయల్దేరేలా సింగపూర్ ట్రిప్పు అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు. సోమవారం సెలవు దొరకదు. అమ్మకి 66, మోకాళ్ల నొప్పులు. నాన్నకి 71, ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు, బాగానే నడుస్తారు. ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. వాళ్లనీ తీసుకెళ్లాలని ఉంది. ఇంత తక్కువ టైంలో కష్టపెట్టినవాణ్ణవుతానేమోనని టెన్షన్‌గానూ ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
వద్దండీ. అనుభవంతో చెప్తున్నా. ప్రయాణం నాలుగున్నర గంటలే కానీ అక్కడి టైం మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి ఒంటిగంటకి ఎక్కితే అక్కడ ఎనిమిదింటికి దిగుతారు. నిద్ర ఉండదు. హోటల్లో గది మామూలుగా మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. అప్పటిదాకా పెద్దవాళ్లను ఎక్కడ కూర్చోబెడతారు? భూమధ్యరేఖ పక్కనున్న ఊరది, ఏడాదంతా ఉక్కపోతే. మీరు, పిల్లాడు వెళ్లి రండి. అమ్మానాన్నలను ఇంకోసారి తీరిగ్గా అరకు తీసుకెళ్లండి.

ఫారర్ పార్క్ శారద:
నేను పద్నాలుగేళ్లుగా సింగపూర్‌లోనే ఉంటున్నా. రవిగారూ, తప్పకుండా తీసుకురండి. గది ఇచ్చేదాకా ఎక్కడ కూర్చోవాలి అన్నారు కదా, చాంగీ ఎయిర్‌పోర్టును ఆనుకునే జ్యువెల్ అనే మాల్ ఉంది. 2019లో తెరిచారు. లోపల నలభై మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడుతుంటాయి, చుట్టూ చెట్లు, అంతా చల్లగా ఉంటుంది. సామాన్లు దాచే చోటు కూడా అక్కడే. తర్వాత ఎంఆర్‌టీలో, అంటే ఇక్కడి మెట్రో రైల్లో, ఊదా రంగు లైను ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలా చోట్లు అయిపోతాయి. ఒక చివర హార్బర్‌ఫ్రంట్‌లో దిగితే సెంటోసా దీవికి దారి. చైనాటౌన్‌లో 1827 నాటి మారియమ్మన్ గుడి. లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్టు, అన్నం, పెరుగు, దోశ అన్నీ దొరుకుతాయి. దాని పక్క స్టేషన్ మా ఫారర్ పార్క్, శ్రీనివాస పెరుమాళ్ గుడి ఇక్కడే. స్టేషన్లన్నిటిలో లిఫ్టులున్నాయి. రాత్రికి గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) లైట్ షో, 7:45కి ఒకటి, 8:45కి ఇంకోటి. టికెట్ అక్కర్లేదు.

కొత్తపేట నాని:
ముందు వీసా చూసుకోండి, మనకి తప్పనిసరి. అరైవల్ కార్డు కూడా దిగేముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి ఫీజు లేదు, డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి.

గోదారి గట్టు:
బేఫ్రంట్ స్టేషన్‌లో దిగాక ఆ సూపర్‌ట్రీల దాకా ఎంత నడవాలో శారదగారు రాయలేదు. అదే తోటలో అద్దాల డోమ్ ఒకటి, క్లౌడ్ ఫారెస్ట్, అందులో అయితే లిఫ్టులో పైకి చేర్చి, అక్కణ్ణుంచి చుట్టూ నడుచుకుంటూ దిగమంటారు. మోకాళ్లు అరిగినవాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం.

ఫారర్ పార్క్ శారద:
పది నిమిషాల నడక. డోమ్‌ల దాకా షటిల్ బండి కూడా ఉంది, కొద్దిగా టికెట్. క్లౌడ్ ఫారెస్ట్ వద్దనుకుంటే ఫ్లవర్ డోమ్ చూపించండి. ఇంకా తేలిక కావాలంటే నైట్ సఫారీకి వెళ్లండి. ట్రామ్‌లో కూర్చునే జంతువులను చూడొచ్చు.

గోదారి గట్టు:
పది నిమిషాలు మీకు. మా అమ్మకి ఇరవై ఐదు పట్టింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. వెనక జనం వస్తుంటే లేచి మళ్లీ నడిచింది.

ఫారర్ పార్క్ శారద:
మా అత్తగారికి 74. పదిహేను నిమిషాల్లో నడిచారు.

ఉప్పల్ శ్రీను:
మీరిద్దరూ నిమిషాల దగ్గరే ఆగిపోయారు.

మీనా, కూకట్‌పల్లి:
రవిగారు అందరి వయసులూ రాశారు, మీ ఆవిడ ఏమన్నారో ఒక్క ముక్క రాయలేదు. మేము మా అత్తమామలతో కలిసి ఇలాంటి ట్రిప్పుకే వెళ్లాం, వేరే దేశం. మందుల డబ్బా నా బ్యాగులో, పెరుగన్నం డబ్బా నా బ్యాగులో, బాబు బట్టలు నా బ్యాగులో. ఆయన, మామగారు ఫొటోలు దిగుతుంటే నేను అత్తయ్యకి బాత్రూం ఎక్కడుందో వెతికాను. అత్తయ్య మంచావిడే, ఆవిడ మీద నాకు కోపం లేదు. పెళ్లయిన తొమ్మిదేళ్లకి మొదటిసారి విమానమెక్కి, ఇంట్లో చేసే పనే అక్కడా చేసి వచ్చాను.

హనుమకొండ రవి:
తనేమీ అనలేదండీ. సరే అంది.

మీనా, కూకట్‌పల్లి:
సరే అన్నారంటే ఇష్టమని కాదు. ఇంకోసారి అడగండి, మీ అమ్మగారు దగ్గర లేనప్పుడు.

ఫారర్ పార్క్ శారద:
మీనాగారి మాట ఒప్పుకుంటాను, పని పంచుకోవాలి. దానికోసం పెద్దవాళ్లను ఇంట్లో వదిలేయాలా? గోదారిగారు మోకాళ్లు, ఎండ అంటూనే ఉన్నారు. ఇక్కడ చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు కూడా ఊరంతా తిరుగుతున్నారు. తీసుకురావడం ఇష్టం లేనివాళ్లకే మోకాళ్లు గుర్తొస్తాయి.

గోదారి గట్టు:
ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. నేను అప్పు చేసి మా అమ్మను సింగపూర్ తీసుకెళ్లాను. మొదటిరోజు సాయంత్రం ఆ నడకకే అలసిపోయింది. రెండోరోజు పిల్లలకి యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు టికెట్లు ముందే కొన్నాం. "నాకేం, ఏసీ ఉంది, మీరు వెళ్లి రండి" అంది. పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చాం. తిన్నావా అంటే తిన్నానంది. ఊరికొచ్చిన నెలకి మా అక్క చెప్పింది, ఆ రోజంతా అమ్మ బిస్కెట్లు తిని ఉందట. కిందికెళ్లి ఎవరిని ఏ భాషలో అడగాలో తెలియక. మా ఆల్బంలో అమ్మ ఉన్న ఫొటో ఒక్కటే, ఎయిర్‌పోర్టులో తీసింది. అందుకే వద్దంటున్నాను. ఇష్టం లేక కాదు.

ఫారర్ పార్క్ శారద:
ఇష్టం లేదన్న మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అది మోకాళ్ల వల్ల జరగలేదండీ. ట్రిప్పు పిల్లల కోసం వేసుకుని, అమ్మగారిని అందులో కలిపారు. ఆవిడకి ఏం చూడాలనుందో అడిగారా?

గోదారి గట్టు:
మా అమ్మ అడిగితే చెప్పే మనిషి కాదు. మీ ఇష్టం అంటుంది. మీకు దూరం నుంచి చెప్పడం సులువు.

ఫారర్ పార్క్ శారద:
దూరం నుంచే చెప్తున్నాను, అదే నా బాధ. మా నాన్న పంచాయతీ ఆఫీసులో పనిచేశారు. ఫోన్ చేసినప్పుడల్లా, అక్కడ రోడ్డు మీద చెత్త వేస్తే నిజంగానే జరిమానా వేస్తారా, పొద్దున ఎన్నింటికి ఊడుస్తారు, ఆ చెత్తంతా ఎక్కడికి పోతుంది అని అడిగేవారు. వచ్చి చూడండి నాన్నా అని మూడుసార్లు టికెట్లు చూశాను. మూడుసార్లూ మా అన్నయ్య అడ్డుపడ్డాడు. ఒకసారి మోకాళ్లు, ఒకసారి బీపీ, ఒకసారి ఎండలు. అన్నయ్యదీ ప్రేమే. కానీ నాన్నని ఎవరూ అడగలేదు, నేను కూడా అన్నయ్యతోనే మాట్లాడాను. 2021లో నాన్న పోయారు. ఇప్పుడు తెల్లవారుజామున ఊడ్చేవాళ్లు కనిపిస్తే నిలబడి చూస్తుంటాను.

ఉప్పల్ శ్రీను:
శారదగారూ, చాలా బాధగా ఉంది.

గోదారి గట్టు:
క్షమించండి శారదగారూ. నాకు తెలియదు.

హనుమకొండ రవి:
రాత్రి అందరం భోజనాలయ్యాక కూర్చుని అడిగాను. మీనాగారు చెప్పినట్టు మా ఆవిడని ముందే విడిగా అడిగాను. ఆదివారం పొద్దున తనొక్కతే ఎక్కడైనా తిరిగి రావాలట, నాలుగు గంటలు, ఎవరూ ఫోన్ చేయకూడదట. బొటానిక్ గార్డెన్స్ అనుకుంటోంది. నాన్న ఏదీ వద్దన్నారు. శారదగారు రాసిన ఊదా రంగు లైనులో రైళ్లకి డ్రైవరు ఉండడని మావాడు చదివి చెప్పగానే లేచి కూర్చున్నారు. ముప్పై రెండేళ్లు స్టీరింగు పట్టిన మనిషి, ఆ రైలు ముందు పెట్టెలో నిలబడి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాలట. అమ్మ రానంది. గట్టిగానే అంది. నాలుగు రోజులు సెలవు దొరికినప్పుడైతే వస్తానంది. కాబట్టి ఈసారి నాన్న వస్తున్నారు, అమ్మ ఆ రెండు రోజులు పిన్ని దగ్గరుంటుంది. యూనివర్సల్ వదిలేశాం. మావాడు కొంచెం అలిగాడు.

మీనా, కూకట్‌పల్లి:
మీ ఆవిడకి చెప్పండి, పొద్దున్నే వెళ్లమనండి, ఎండ ఎక్కకముందు.

గోదారి గట్టు:
శారదగారూ, ఫారర్ పార్క్ స్టేషన్ నుంచి పెరుమాళ్ గుడికి ఎంత దూరం? మెట్లు ఎక్కాలా?

ఫారర్ పార్క్ శారద:
బాగా దగ్గర. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, పైకొచ్చాక చదునైన దారే. అమ్మగారిని కూర్చోబెడుతూ తీసుకొచ్చినా పావుగంట పట్టదు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నే రండి. వచ్చేముందు ఇక్కడ ఒక మాట రాయండి, అన్నం మా ఇంట్లో తిందురుగాని.