‘నంబర్ ది స్టార్స్’: యూదుల మారణహోమం గురించి పిల్లలకు మొదట ఈ నవలతోనే చెప్పాలా?

వేపచెట్టు నీడ: మా కాలనీలో ఆదివారాలు పది పన్నెండేళ్ళ పిల్లలతో పుస్తకాలు చదివిస్తున్నాను. వచ్చే నెలకు లోయిస్ లోరీ 1989లో రాసిన ఈ నవలను అనుకున్నాను. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఆనమరీ, ఎలెన్ అనే పదేళ్ళ స్నేహితురాళ్ళ కథ ఇది. యూదులను పట్టుకుపోతారని తెలిసిన రాత్రి ఆనమరీ తల్లిదండ్రులు ఎలెన్‌ను చనిపోయిన తమ పెద్దకూతురని చెప్పి కాపాడతారు. తరువాత జాలరి అయిన మేనమామ హెన్రిక్ ఎలెన్ కుటుంబాన్ని పడవలో స్వీడన్ చేరుస్తాడు. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

కృష్ణాతీరం: ఈ పుస్తకంతో వద్దు. నవలలో హెన్రిక్ ఎవరి ముందూ చేయి చాచడు. చరిత్రలో చాలామంది జాలర్లు మనిషికి వెయ్యి క్రోనర్ల (డెన్మార్క్ డబ్బు) దాకా పుచ్చుకున్నారు, కొందరు అంతకు ఎన్నో రెట్లు అడిగారు. హెన్రిక్ ఉండే గిల్లెలై ఊళ్ళోనే చర్చి అటకమీద దాక్కున్న 80 మంది దాకా యూదులు ఆ అక్టోబరులో నాజీ రహస్య పోలీసులైన గెస్టపోకు దొరికారు. నవలలో ఊరుంది, అటక లేదు.

తాటాకు: మా అబ్బాయి రెండుసార్లు చదివాడు. మంచి పుస్తకం.

వేపచెట్టు నీడ: పట్టుబడితే పడవా పోతుంది, ప్రాణమూ పోవచ్చు, ఆ పరిస్థితిలో జాలరి డబ్బు అడగడాన్ని నేను నేరంగా చూడలేను. ఇవ్వలేని వారి కోసం డెన్మార్క్ ప్రజలు చందాలు పోగుచేసిన సంగతిని కూడా మీరు చెప్పవలసింది. దాదాపు 7,200 మంది యూదులు స్వీడన్ చేరారు, దాదాపు 470 మంది మాత్రం నాజీల తెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరం పాలయ్యారు. నాజీ ఆక్రమణలో ఉన్న దేశాల్లో ఇలా జరగడం ఎంత అరుదో మీకు తెలియనిది కాదు.

నీలిసిరా: అరుదు గనుకనే నాకూ సందేహంగా ఉంది. 60 లక్షల మంది యూదులు చనిపోయిన చరిత్రలోకి పిల్లలను బతికి బయటపడ్డ వారి వైపు నుంచి తీసుకువెళ్తే, మిగిలిన దేశాల్లోనూ ఇలాగే జరిగిందనుకోరా?

కృష్ణాతీరం: డబ్బు మాట దాటవేయకండి. 1977 దివిసీమ ఉప్పెనలో మా అమ్మమ్మను గట్టుకు చేర్చిన పడవవాడు ముందుగా ఆమె చెవి దిద్దులు తీయించుకున్నాడు. తరువాత ఊళ్ళో సభ పెట్టి అతనికి శాలువా కప్పారు. ఆ సభకు నన్నూ తీసుకువెళ్ళారు.

వేపచెట్టు నీడ: మన్నించండి, డెన్మార్క్ జాలర్ల మీద మీరు తీర్చుకుంటున్నది ఆ దిద్దుల కసి. మీ ఇంటి బాకీని పిల్లల పుస్తకం మీద వసూలు చేయడం న్యాయం కాదు.

తాటాకు: కొంచెం నిదానంగా మాట్లాడుకుందామండీ.

కృష్ణాతీరం: బాకీ అన్నారు గనుక చెబుతున్నాను. దిద్దులు పోతే పోయాయి. ఆ సభలో పడవవాడు అరగంట మాట్లాడాడు. నీళ్ళలో ఏం జరిగిందని మా అమ్మమ్మను ఒక్కరూ అడగలేదు, ఆమె ముందు వరుసలో కూర్చుని అతను చెప్పినదంతా విన్నది. ఈ నవలలో ఎలెన్ పరిస్థితీ అంతే. పడవ అడుగున చెక్కల కింద ఆ పిల్ల ఏమనుకుందో, స్వీడన్‌లో ఎలా బతికిందో మనకు తెలియదు. చివరికి యుద్ధం ముగిశాక కూడా, ఎలెన్ తిరిగివచ్చేవరకు ఆమె గొలుసును మెడలో వేసుకుంటానని ఆనమరీ అనడంతో కథ ఆగిపోతుంది. స్నేహం ఇద్దరిది, కథ ఒకరిదే.

వేపచెట్టు నీడ: ఈ మాట మీరు మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయినా నేను ఒప్పుకోను. సైనికులు తలుపు బాదుతుండగా ఎలెన్ మెడలోని గొలుసు కొక్కెం ఊడిరాకపోతే, ఆనమరీ దాన్ని పుటుక్కున తెంపి పిడికిట్లో దాచుకుంటుంది; వాళ్ళు వెళ్ళాక చూసుకుంటే అరచేతిలో యూదుల గుర్తయిన ఆరు కోణాల నక్షత్రం అచ్చు పడి ఉంటుంది. మా కాలనీ పిల్లల్లో ఎక్కువమంది రేపు ఆ గదిలో ఆనమరీ స్థానంలోనే ఉంటారు, ఎలెన్ స్థానంలో కాదు. వాళ్ళు నేర్చుకోవలసింది ఆ పిడికిలి బిగించడం.

కృష్ణాతీరం: మీ కాలనీ పిల్లలందరూ ఆనమరీలేనని మీకెవరు చెప్పారు?

నీలిసిరా: ఆ ప్రశ్నకు జవాబు నాకూ కావాలి.

వేపచెట్టు నీడ: నవలను మార్చడం లేదు. రెండో ఆదివారం మాత్రం పడవ అడుగున గడిచిన ఆ గంటలను ఎలెన్ నోట చెప్పమని పిల్లలను అడుగుతాను. జాలర్ల డబ్బు సంగతీ చెబుతాను.

కృష్ణాతీరం: గిల్లెలై అటకను కూడా కలపండి.