రన్ అంటే పరుగే కదా? మరి మా నాన్న సంగతేంటి?

కోట జంక్షన్ కుర్రోడు:
మాది విజయనగరం. నిన్న మా స్పోకెన్ ఇంగ్లిష్ సారు ఫోన్ చేసి "ఐ ర్యాన్ ఇంటూ యువర్ ఫాదర్" అన్నారు, మూడు లాంతర్ల దగ్గరట. బండితో గుద్దేశారనుకుని నాకు చెమటలు పట్టేసి "దెబ్బలేమైనా తగిలాయా సార్" అని అడిగేశాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. నాన్న కనబడ్డాడట, అంతే! ఇందులో పరుగెక్కడుంది? ఇలాంటివి నోట్సులో రాసి బట్టీ కొడుతున్నా, పొద్దున్న చదివింది సాయంత్రానికి ఉండట్లేదు. ఏదైనా పద్ధతి చెప్పండి.

నాగావళి గట్టు:
తమ్ముడూ, నీ భయం మరీ అన్యాయమేం కాదు. లారీ వెళ్లి చెట్టుని గుద్దినా రన్ ఇంటూ అనే అంటారు. నోట్సు మాత్రం పక్కన పడేయ్. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ వాళ్లు రన్ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు, 1989 నాటి ఎడిషన్‌లో 430 అర్థాలతో సెట్ అనే క్రియ ముందుండేది. రైళ్లు, మోటార్లు, కంప్యూటర్లు వచ్చాక అన్నీ రన్ అవుతున్నాయిగా మరి.

రిటైరైన మాస్టారు, శ్రీకాకుళం:
బాబూ, మనం కొట్టు నడుపుతాం, వాళ్లు పరిగెత్తిస్తారు, తేడా అంతే. ఏరు పారినా, ముక్కు కారినా, ఎలక్షన్లో నిలబడినా వాళ్లకి రన్నే. మనం మాత్రం తక్కువా? ఈత కొడతాం, కాపీ కొడతాం, చేపల బుట్ట వాసన కొడుతుంది, క్లాసు బోరు కొడుతుంది, నువ్వే పైన బట్టీ కొడుతున్నానని రాశావు, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా. వీటికి చిన్నప్పుడు నీకెవరైనా లిస్టు ఇచ్చారా? పక్క మాటతో కలిపి మొత్తం వాక్యం పట్టుకో. "వి ర్యాన్ అవుట్ ఆఫ్ గ్యాస్" అంటే గ్యాస్ అయిపోయిందని. "రన్ ఆఫ్ ద మిల్" అంటే సాదాసీదా అని, మిల్లులోంచి వచ్చిన సరుకుని ఏరకుండా, గ్రేడు కట్టకుండా అలాగే అమ్మితే ఆ మాట వాడేవారు. మీ వైపు జూట్ మిల్లులో చేసినవాళ్లకి చెప్పు, చటుక్కున పట్టేస్తారు.

సూర్యమహల్ సెంటర్:
అదంతా బాగానే ఉంది మాస్టారూ, పరీక్ష వచ్చే వారమైతే లిస్టే గతి. నేనలాగే పాసయ్యాను. ఇప్పుడొక్కటీ గుర్తులేదనుకోండి.

కోట జంక్షన్ కుర్రోడు:
థాంక్స్ మాస్టారూ. నాన్నకి ఈ గొడవంతా చెప్తే ఒకటే మాటన్నాడు: "నిజంగా గుద్దుంటే ఇంగ్లిష్‌లో చెప్తాడేట్రా?"